నాలుగో సింబల్

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట, "దాన్ని కింద పెట్టండి."

నమస్కారం లేదు, పరిచయం లేదు. నా చేతుల్లో ఉన్నది ఇరవై రెండు అంగుళాల రైడ్ సింబల్. డ్రమ్స్ వాయించేవాడి కుడిచేతి వైపు పెద్ద పళ్ళెంలా వేలాడుతుంటుందే, అది. అంగుళం అంగుళం సుత్తితో కొట్టి చేత్తో తయారుచేసినది. దాని ధర చూసి అప్పటికే ఒకసారి కళ్ళు తిరిగాయి. కాస్త తేరుకుని ఎత్తి చూసుకుంటున్నాను.

మీదా అని అడిగాను. కాదట. కానీ నిండా వేలిముద్రలు పడుతున్నాయట, సింబల్‌ని అంచులతో పట్టుకోవాలి తప్ప మొహం మీద చేతులు వేయకూడదట, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదా అట.

పదేళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నవాణ్ణి. ఇంట్లో బల్లా బకెట్టూ వదలనని మా వదిన నాకు 'దరువు' అని పేరు కూడా పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు వాగుడొస్తుంది. ఈ ఖరీదంతా పైన కొట్టిన కంపెనీ ముద్రకేననీ, కళ్ళు మూసుకుని వింటే మెషీన్‌లో చేసినదానికీ దీనికీ తేడా ఎవడూ చెప్పలేడనీ వాగేశాను.

"నేను చెప్తాను" అంది.

షాపు పెద్దాయన కౌంటర్ వెనక నుంచి నవ్వాడు. పాత వాయిద్యాలు కొని అమ్మే షాపు అది, టైర్ల కొట్టు మీద మొదటి అంతస్తులో ఉంటుంది. నాలుగు గోడలకీ సింబల్స్ వేలాడుతుంటాయి. కింద బస్సు వెళ్తే చాలు, అన్నీ కలిసి సన్నగా గొణుగుతాయి. మనిషి కాస్త గట్టిగా మాట్లాడినా అంతే. అలవాటు లేనివాళ్ళు వెనక ఎవరో ఉన్నారని తిరిగి చూస్తారు. నేనూ చాలాసార్లు చూశాను.

ఆ షాపులో ఒక పద్ధతుంది. ఖరీదైన సింబల్ ఏది కొనాలన్నా ముందు గోడ పరీక్ష జరగాలి. కొనేవాళ్ళు గోడ వైపు తిరిగి నిలబడాలి. వెనక ఇంకొకరు మూడు సింబల్స్‌ని ముందు ఒకటి, రెండు, మూడు అని వినిపించి, తర్వాత వరస మార్చి మార్చి కొడతారు. ఏది ఏదో చెవితో చెప్పాలి. కళ్ళతో కొన్నవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి తెస్తారని పెద్దాయన గోల.

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగింది. నేను స్టిక్ తీసుకున్నాను. బయట సన్నగా వాన మొదలైంది, కిటికీ రేకు మీద చిటపటలు వినిపిస్తున్నాయి. మెషీన్‌ది కొట్టాను. "ఒకటి" అంది. చేత్తో చేసినది కొట్టాను. "మూడు." మళ్ళీ అదే కొట్టి ఏమార్చబోయాను. "మళ్ళీ మూడే. చెయ్యి మాత్రం వణుకుతోంది మీకు" అంది. పెద్దాయన ముసిముసిగా నవ్వుతున్నాడు. నా పరువు ఆ మెట్ల మీదుగా దిగి వీధిలోకి వెళ్ళిపోతోంది.

తర్వాత దెబ్బకి స్టిక్ పైకెత్తాను. ఇంకా దించలేదు.

"నాలుగు" అంది ఆ అమ్మాయి.

మూడే ఉన్నాయని చెప్పబోయి ఆగాను. ఎందుకంటే నేనూ విన్నాను. గోరుతో అంచుని ఒకసారి మీటినట్టు, లోతుగా, మబ్బుగా ఒక మోత. అది నా కాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. అక్కడ జిప్ వేసిన నా బ్యాగుంది. బ్యాగులో మెత్తటి గుడ్డ చుట్టిన నా పాత రైడ్ ఉంది. గుడ్డలో చుట్టిన సింబల్ మోగదు. ఎవరు కొట్టినా మోగదు.

నా వెనక గోడ మీది గడియారం చూశాను. ఆరూ పది. సరిగ్గా దీనికి భయపడే దాన్ని మార్చేసి కొత్తది కొనుక్కుందామని వచ్చాను.

ఏడాది క్రితం ఒక పాత సామాన్ల కొట్టులో కొన్నానది. మొదటి వారంలోనే తెలిసింది, రోజూ సాయంత్రం ఆరూ పదికి దానంతటదే ఒకసారి మోగుతుంది. గదిలో పెట్టినా, మంచం కింద పెట్టినా అంతే. వదిన దాన్ని బాల్కనీలో పెట్టించి తలుపు గడియ వేసింది. అయినా వినిపించేది. డ్రమ్మర్ అయ్యుండి సింబల్‌కి భయపడ్డానని ఎవరితో చెప్పుకోను? ఎవరూ ఏమీ అనకముందే వదిలించుకుందామనుకున్నాను.

ఆ అమ్మాయి గోడ వైపు నుంచి తిరిగింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అది మా నాన్నది" అంది.

పెద్దాయన స్టూలు వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. అప్పుడు చెప్పింది. తను సంగీత స్కూల్లో డ్రమ్స్ టీచరు. వాళ్ళ నాన్న లిఫ్ట్ మెకానిక్, తీరిక వేళల్లో డ్రమ్స్ వాయించేవాడు. ఏడాదిన్నర క్రితం పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. తను పుట్టిన నెలలోనే ఆయన ఒక రైడ్ కొన్నాడట. షాపులో ఉన్నవన్నీ తూయించి, పాప పుట్టినప్పుడు ఎంత బరువుందో సరిగ్గా అంత బరువున్నదే ఏరుకున్నాడట, రెండువేల ఏడువందల గ్రాములు. సింబల్ లోపలి వైపు పెన్సిల్‌తో ఆ అంకె రెండుసార్లు రాసిపెట్టుకున్నాడు, ఒకటి దాని బరువు, ఒకటి కూతురి బరువు.

"నాన్న బెల్ కొట్టేవాడు కాదు. తాళం తీసుకుని లోపలికొచ్చి, షూ విప్పకముందే దాని అంచు గోటితో ఒకసారి మీటేవాడు. ఇంటికొచ్చానని చెప్పడమది. రోజూ ఆరూ పదికి" అంది.

గోడ వైపు తిరిగి నిలబడ్డ మనిషికి గడియారం కనపడదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాన్న పోయిన పక్షం తిరక్కుండా వాళ్ళమ్మ ఆ రైడ్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేసిందట. ఇల్లు ఇరుకైపోయింది అన్నదట అంతే, ఇంకో మాట చెప్పలేదట. అప్పట్నుంచి ఈ అమ్మాయి ఆదివారం ఆదివారం షాపులన్నీ తిరిగి చెవితో వెతుకుతోంది. ఫొటో కూడా లేదు. ఆ మోత ఒక్కటే గుర్తు.

ఇక దాచుకునే మొహం నాకు లేకపోయింది. బ్యాగు జిప్ తీసి నా రైడ్‌ని స్టాండుకి వేశాను. తళతళా మెరిసిపోయింది. ఆ అమ్మాయి ఆశగా ముందుకొచ్చి స్టిక్‌తో ఒక దెబ్బ కొట్టింది. గంట కొట్టినట్టు పదునైన మోత వచ్చింది. లోపలి వైపు వంగి చూసింది. నున్నగా ఉంది, గీతన్నది లేదు.

"ఇది కాదు" అంది. గోడల మీది గొణుగుడే నాన్న మోతలా వినపడిందనుకుంది. పైగా నన్నే ఓదార్చింది. "మీది కూడా మంచిదే. కొత్తదానిలా ఉంది. అమ్మకండి."

పక్కనే పెద్దాయన త్రాసుంది. చెవి కాదన్నాక ఇంక తూయడమెందుకని దాని వైపు కూడా చూడలేదు. అంత చెవి ఉన్నవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది.

పొరపాటు తనది చిన్నది. నాది చెప్తాను వినండి. ముందు రోజు, మంచి ధర పలకాలని, ఇత్తడి సామాన్లకి మెరుగు పెట్టే క్రీమ్ తెచ్చి నేనా సింబల్‌ని మూడు గంటలు తోమాను. జన్మలో ఒక్క గిన్నె తోమనివాడివి దీన్నెందుకిలా తోముతున్నావురా దరువూ అని వదిన వేళాకోళం చేసింది కూడా. ఏళ్ళ తరబడి పట్టిన మరకే సింబల్‌కి మబ్బు గొంతునిస్తుంది, తోమితే ఆ గొంతు పోతుంది. డ్రమ్మర్ అన్నవాడికి తెలియాల్సిన మొదటి సంగతి అది. నాకూ తెలుసు. అమ్మేసేదే కదా అనుకున్నాను. లోపలి వైపు ఏవో పెన్సిల్ గీతలుంటే అవి కూడా రుద్ది పారేశాను. చదవనైనా లేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ ముఖంలోకి చూసి, మీ నాన్న రాసింది నేను చెరిపేశానని ఎలా చెప్పను? దానికి బదులు నా నోరు ఇంకో మాట అంది. వచ్చే ఆదివారం వెతకడానికి నేనూ వస్తానంది.

ఐదు ఆదివారాలు తిరిగాం.

పాత వాయిద్యాల షాపులు, మూతపడ్డ క్లబ్బుల స్టోర్‌రూములు, రిపేరు కొట్లు, ఎక్కడికి వెళ్ళినా నేను కొట్టేవాణ్ణి, తను గోడ వైపు తిరిగి వినేది. బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న త్రాసు ఉండేది. ఏదైనా దగ్గరగా అనిపిస్తే తూచేది. మధ్యలో టీలు తాగేవాళ్ళం. ఏ సింబల్‌కి ఎంత విలువని కొట్లాడుకునేవాళ్ళం. గొంతు ఒక్కటీ చాలదు, ఒకరి చేతిలో ఎన్నాళ్ళుందన్నది కూడా లెక్కలోకి వస్తుందని తను అనేది. నేను ఠీవిగా కాదనేవాణ్ణి, లోపల ప్రాణం చచ్చిపోతుండగా. వానకి ఒకే గొడుగులో నడిచినప్పుడు, నా భుజం సగం తడుస్తోందని గొడుగు నా వైపు జరిపేది. నేను తన వైపు జరిపేవాణ్ణి. చివరికి ఇద్దరం తడిసేవాళ్ళం.

'మీరు' అన్న పిలుపు 'మీరు'గానే ఉంది. కానీ ఆదివారం తర్వాత సోమవారం ఎందుకొస్తుందో నాకు అర్థం కావడం మానేసింది. ప్రేమించానని నాకు నేను చెప్పుకోవడానికి మూడో ఆదివారం దాకా పట్టింది. నాలుగో ఆదివారం నుంచి నిద్ర లేదు.

ఇంటి దగ్గర ఇంకో కథ నడిచేది. సింబల్‌ని బాల్కనీలోంచి నా గదిలోకి తెచ్చుకున్నాను. సాయంత్రం ఆరుకల్లా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. భయం పోలేదు గానీ మర్యాద వచ్చింది. ఆరూ పదికి అది మోగేది. ఇక్కడే నన్ను నిలువునా కోసిన సంగతి ఉంది. నేను స్టిక్‌తో కొడితే పదునుగా మోగే ఆ సింబల్, తనంతట తాను మోగినప్పుడు మాత్రం అదే పాత మబ్బు గొంతు. నేను తోమేసిన గొంతు. అంచు మీద నా కళ్ళ ముందే ఒక చోట చిన్నగా వణుకు పుట్టి చుట్టూ పాకేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

"నమస్తే అండీ, మీ అమ్మాయికి రేపు చెప్పేస్తాను" అనేవాణ్ణి.

రోజూ అదే మాట. మొదట్లో మోత తీరిగ్గా సాగేది. పోనుపోను పొట్టిగా తెగిపోవడం మొదలుపెట్టింది, కోపమొచ్చిన పెద్దవాళ్ళు మాట తుంచినట్టు. వదిన తలుపు దగ్గర నిలబడి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది ఒకరోజు. ఒక పెద్దమనిషితో అన్నాను. ఆవిడ ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయి ఆ రాత్రి హాల్లో లైటు ఆర్పలేదు.

ఐదో ఆదివారం పెద్దాయన ఫోన్ చేసి మా ఇద్దర్నీ రమ్మన్నాడు. కొత్త సరుకొచ్చింది, అందులో చేత్తో చేసిన రైడ్ ఒకటి ఆ అమ్మాయి చెప్పిన గొంతుకి చాలా దగ్గరగా ఉందన్నాడు. తను గోడ వైపు తిరిగింది. నేను కొట్టాను. నిజమే, మబ్బుగా, లోతుగా ఉంది. తను ఇంకోసారి కొట్టమంది, కొట్టాను.

"నాన్నది కాదు" అంది గోడ వైపే చూస్తూ. "కానీ ఇంతకంటే దగ్గరిది దొరకదు. కొనేస్తాను. ఇక వెతకడం ఆపేస్తాను."

దాచుకున్నదంతా పెట్టి కొంటోందని నాకు తెలుసు. కొంటే ఇంట్లో దాన్ని నాన్న చోటులో పెట్టుకుంటుంది. జీవితాంతం ఒక అబద్ధాన్ని రోజూ తుడుచుకుంటూ కూర్చుంటుంది. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది, తను నాతో నవ్వుతూనే ఉంటుంది. నోరు తెరిస్తే ఈ గోడ ముందే అంతా అయిపోతుంది.

"కొనకండి" అన్నాను. "మీ నాన్నగారిది నా దగ్గరుంది. మొదటిరోజు మీరు కొట్టి కాదన్నదే అది. నేనే తోమేశాను. పెన్సిల్‌తో రాసింది కూడా చెరిపేశాను. రోజూ ఆరూ పదికి అది మోగుతుంది. ఆ రోజు మీరు విన్న నాలుగోది అదే."

గోడలకి వేలాడుతున్న సింబల్సన్నీ నా గొంతుకి సన్నగా గొణిగి ఆగాయి. తను వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచి."

"ఐదు ఆదివారాలు" అంది. అరిచినా బాగుండేది. "ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆదివారాలు ఆగిపోతాయని. మీరంటే నాకు ఇష్టం. ఇది చెప్పే చోటు కాదు, వేళా కాదు. కానీ ఇకపై మీరు నాతో మాట్లాడతారో లేదో తెలీదు కాబట్టి చెప్పేస్తున్నాను."

తను బ్యాగు తీసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది. రేపు ఆరు లోపల సింబల్ తమ ఇంట్లో ఉండాలంది. మోగడం గీగడం లాంటి కట్టుకథలు మాత్రం అల్లవద్దంది. మీరు రాకపోయినా ఫరవాలేదు, అది వస్తే చాలంది. సింబల్ తనంతట తాను మోగగలదు గానీ బస్సెక్కి రాలేదని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మర్నాడు ఆరుకి పది నిమిషాల ముందే వాళ్ళ తలుపు ముందు నిలబడ్డాను. మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు. తను క్లాసులకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. వాళ్ళమ్మగారు వంటింట్లో ఉన్నారు, ఈ సంగతేదీ ఆవిడకి చెప్పలేదట. హాల్లో కిటికీ పక్కన ఒక ఖాళీ స్టాండు. ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నా దుమ్ము లేదు దాని మీద.

తను చేతులు చాచింది. సింబల్‌ని అంచులతో పట్టుకుని తీసుకుంది. ముందు త్రాసు మీద పెట్టింది. రెండువేల ఆరువందల తొంభై ఎనిమిది.

"రెండు గ్రాములు తక్కువ" అంది.

"ఆ రెండు గ్రాములూ నేను తోమేసినవే" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

దాన్ని స్టాండుకి వేసింది. స్టిక్‌తో మెల్లగా ఒక దెబ్బ కొట్టింది. అదే పదును, అదే కొత్త గొంతు. అప్పుడు తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న దొరికాడు, గొంతు పోయింది. దొరక్కపోయినా ఇంత బాధ ఉండేది కాదేమో. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. గోడ గడియారంలో ముల్లు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఈ ఒక్కరోజు మోగకపోతే నేను దొంగని మాత్రమే కాదు, పిచ్చివాణ్ణి కూడా.

ఆరూ పది అయింది.

హాల్లో గాలి ఆగినట్టయింది. మేమిద్దరం దానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాం. అంచు మీద తలుపు వైపున్న చోట చిన్న వణుకు పుట్టింది. లోతుగా, మబ్బుగా, తీరిగ్గా ఒక మోత లేచి ఇల్లంతా నిండింది. తను నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో నాకు తెలీదు. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఆ మోత ఇంకా ఆగనే లేదు, వంటింట్లోంచి మామూలు గొంతు వినిపించింది.

"వచ్చారా? టీ పెట్టేశాను."

తర్వాత గిన్నె ఏదో కింద పడ్డ చప్పుడు. వాళ్ళమ్మగారు గుమ్మంలోకి వచ్చి తలుపుకి ఆనుకున్నారు. నా వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. స్టాండు వైపే చూస్తున్నారు.

"అమ్మా, నీకు తెలుసా?" అంది తను.

ఆవిడ తలూపారు. ఆయన పోయాక పదకొండు రోజులు ఇలాగే మోగిందట. కూతురు స్కూల్లోనో, కర్మల పనుల మీద బయటో ఉండే వేళది. మొదటిరోజు ఆవిడ భయపడ్డారు. నాలుగో రోజుకి అలవాటు చొప్పున వచ్చారా అనేశారు. పదో రోజుకి రెండు కప్పుల్లో టీ పోసి ఎదురుగా కూర్చున్నారు.

"ఇక ఇలాగే ఉండిపోతానేమోనని భయమేసిందే. నువ్వు కూడా నాకు వద్దనిపిస్తుందేమోనని. అందుకే ఇచ్చేశాను. ఇచ్చేశాక కూడా నలభై రోజులు వరసగా ఆరింటికి వంటింట్లో కొళాయి తిప్పి కూర్చున్నా, ఏమీ వినిపించకుండా" అని ఏడ్చేశారు.

తను వెళ్ళి అమ్మని పట్టుకుంది. పరాయివాణ్ణి, అక్కడ ఉండాలో వెళ్ళిపోవాలో తెలీక బ్యాగు జిప్ వేస్తూ తీస్తూ నిలబడ్డాను. అప్పుడు ఆవిడ నన్ను చూశారు.

"ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉందా, బాబూ? నువ్వూ భయపడ్డావా?"

"ఏడాదంతా భయపడ్డానండీ. ఈమధ్య నమస్తే చెప్తున్నాను."

ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళారు. తను నా ముందుకొచ్చి నిలబడింది. ఏం చేస్తుందో తెలీక రెండడుగులు వెనక్కి వేశాను.

"నీ మీద కోపం ఇంకా పోలేదు" అంది. 'మీరు' అన్న పిలుపు ఎక్కడో మెట్ల మీదే జారిపోయినట్టుంది. "ఆ రెండు గ్రాములకీ ఎన్ని ఆదివారాలు బాకీయో నువ్వే ఆలోచించుకో."

మరకపట్టి పాత గొంతు రావడానికి ఇరవయ్యేళ్ళు పడుతుందన్నాను. అయితే ఇరవయ్యేళ్ళు, అంది. ఈసారి నా చెయ్యి మాత్రమే కాదు, మొత్తం నేనే వణికాను.

వాళ్ళమ్మగారు ట్రేతో వచ్చారు. కప్పులు నాలుగు. మూడు మాకిచ్చి, నాలుగోది స్టాండు పక్కన కిటికీ గట్టు మీద పెట్టారు. మోత ఆగి చాలాసేపయింది. ఆ కప్పులో టీ మీద మాత్రం సన్నని వలయాలు ఒకదాని వెనక ఒకటి పుడుతూనే ఉన్నాయి. ముగ్గురం చూశాం, చూస్తూనే మా కప్పులు ఎత్తుకున్నాం. టీ బాగుంది.

లేచి వస్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి అడిగారు, రేపు నాకేమైనా పనుందా అని. లేదన్నాను.

"అయితే ఆరింటికల్లా వచ్చెయ్. ఆయన వచ్చేసరికి అందరూ ఇంట్లో ఉండాలి, లేకపోతే ఆయనకి నచ్చదు."

ఐదున్నరకే వెళ్ళాను.